ర్యాక్‌లో ఉన్న ఫైర్‌వాల్ పోర్టులను ముందుకు తెచ్చుకోవడం ఎలా?

ఇంటి ర్యాక్‌లో స్విచ్ పోర్టులు ముందుంటాయి, ప్యాచ్ ప్యానెల్ (గదులనుంచి వచ్చే కేబుళ్లు చేరే పలక) పోర్టులూ ముందే ఉంటాయి. ఇంటి నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా ఉండే ఫైర్‌వాల్ పోర్టులు మాత్రం వెనక ఉంటాయి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డును ర్యాక్ కేసులో బిగించి పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నడిపే చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. డేటా సెంటర్‌లో అయితే ర్యాక్ వెనక మనిషి నడిచేంత దారి వదులుతారు. ఇంట్లో ర్యాక్ గోడకు ఆనుకుని ఉంటుంది, లేదా అల్మరాలో ఇరుక్కుని ఉంటుంది. ఒక్క కేబుల్ మార్చాలంటే టార్చి నోట్లో పట్టుకుని, పక్కనుంచి చెయ్యి దూర్చి, వేళ్లతో తడుముతూ పోర్టు వెతకాలి. ఆ తడుములాటలో పక్కనున్న వ్యాన్ కేబుల్ (బయటినుంచి ఇంటర్నెట్ తెచ్చేది) ఊడితే ఇంటర్నెట్ పోతుంది.

పోర్టులను ముందుకు తెచ్చుకుంటే ఈ బాధ తీరుతుంది. పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. మీరు కలిపే ప్రతి జాయింటూ రేపు చెడిపోగల ఒక చోటు. స్విచ్‌లో ఒక పోర్టు పోతే ఒక గదికి నెట్ పోతుంది. ఫైర్‌వాల్ దగ్గర పోతే ఇల్లంతా ఆగుతుంది. అందుకని అందం కోసం కాకుండా, జాయింట్లు ఎంత తగ్గించగలమా అన్న లెక్కతో దారి ఎంచుకోండి. కింద దారులన్నీ ఆ వరుసలోనే చెప్పాను. మొదటిది మీకు కుదిరితే రెండోదాని దాకా పోకండి.

అసలు కేసునే తిప్పి బిగించగలరేమో చూడండి

చాలామందికి ఇది తట్టదు. కేసు లోతు తక్కువైతే, అంటే 25 నుంచి 35 సెంటీమీటర్ల మధ్య ఉంటే, దాన్ని వెనక్కి తిప్పి మదర్‌బోర్డు పోర్టులు మీ ముఖం వైపు ఉండేలా బిగించుకోవచ్చు. కొన్ని కేసులకు ర్యాక్ చెవులను (ర్యాక్‌కు స్క్రూ వేసే పక్క రేకులను) వెనకవైపు కూడా బిగించుకునేలా స్క్రూ రంధ్రాలు ఉంటాయి. లేకపోతే ర్యాక్ షెల్ఫ్ మీద కూర్చోబెట్టండి. కొత్త జాయింటు ఒక్కటి కూడా ఉండదు, ఎల్‌ఈడీలు కూడా కళ్లెదుటే వెలుగుతాయి.

అయితే మూడు విషయాలు సరిచూసుకోవాలి.

మొదటిది గాలి. ఇప్పటిదాకా ముందునుంచి చల్లగాలి లాక్కుని వెనక్కి వేడిగాలి వదిలిన ఫ్యాన్లు, ఇకనుంచి గోడవైపున్న గాలి లాక్కుని ముందుకు వదులుతాయి. తెరిచి ఉన్న ర్యాక్ అయితే పెద్ద నష్టం లేదు. తలుపులున్న క్యాబినెట్ అయితే, మిగతా పరికరాలు ముందునుంచి పీల్చుకునేది ఈ వేడిగాలినే. అలాంటప్పుడు కేసు ఫ్యాన్లను విప్పి తిప్పి బిగించండి. చాలా ఫ్యాన్ల అంచు మీద గాలి ఎటు పోతుందో బాణం గుర్తు ఉంటుంది. గుర్తు లేకపోతే, మోటారును పట్టి ఉంచే కమ్మీలు ఉన్న వైపునుంచే మామూలుగా గాలి బయటికి వస్తుందని గుర్తుపెట్టుకోండి. పవర్ సప్లై లోపలి ఫ్యాన్ జోలికి మాత్రం పోవద్దు, ఆ డబ్బా విప్పకూడదు. తిప్పిన తర్వాత రెండు గంటలు నడిపి ప్రాసెసర్ ఉష్ణోగ్రత ముందున్నంతే ఉందో లేదో చూడండి.

రెండోది కరెంటు కేబుల్. అది ముందుకు వచ్చేస్తుంది. దాన్ని పక్కనుంచి వెనక్కి తిప్పి కట్టాలి, నెట్‌వర్క్ కేబుళ్లతో కలిపి కట్టకూడదు.

మూడోది పవర్ బటన్, అది వెనక్కి పోతుంది. బయాస్‌లోకి (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి) వెళ్లి, కరెంటు పోయి వచ్చినప్పుడు మెషీన్ దానంతట అదే ఆన్ అయ్యేలా సెట్టింగ్ పెట్టండి. నిజానికి ఫైర్‌వాల్‌కు ఈ సెట్టింగ్ ఎలాగూ ఉండాల్సిందే.

ఇంకా కేసు కొనకపోతే, పోర్టులు ముందుండేలానే తయారయ్యే తక్కువ లోతు కేసులు వెతకండి. సూపర్‌మైక్రో లాంటి కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. అది దొరికితే ఈ వ్యాసంలో మిగతాది చదవాల్సిన అవసరం కూడా ఉండదు.

కుదరకపోతే: పైన ఒక 1యూ కీస్టోన్ ప్యానెల్

కేసు లోతుగా ఉన్నా, ముందు డిస్క్ బేలు ఉన్నా, చెవులు మార్చడం కుదరకపోయినా నేను చెప్పేది ఈ దారే. ఫైర్‌వాల్‌కు సరిగ్గా పైన ఒక ఖాళీ కీస్టోన్ ప్యానెల్ (కీస్టోన్లు అనే విడి జాక్‌లు గుచ్చుకునే రంధ్రాలున్న పలక) బిగించి, అందులో రెండు కేబుళ్లను కలిపే కప్లర్లు పెట్టి, ఒక్కో కప్లర్ వెనకనుంచి చిన్న ప్యాచ్ కార్డును (రెండు చివర్లా ప్లగ్గున్న పొట్టి కేబుల్‌ను) ఫైర్‌వాల్ మూతమీదుగా వెనక పోర్టుకు పంపిస్తాం. ఫైర్‌వాల్‌ను కోయం, విప్పం. రేపు వద్దనుకుంటే పది నిమిషాల్లో తీసేయవచ్చు.

కొలతలు ఇవి. ఒక యూనిట్ (1యూ) ఎత్తు 44.45 మిల్లీమీటర్లు, ప్యానెల్ వెడల్పు చెవులతో కలిపి 482.6 మిల్లీమీటర్లు, అదే 19 అంగుళాలు. ఈ రెండూ ప్రామాణికం కాబట్టి ఏ కంపెనీ ప్యానెల్ అయినా ఏ 19 అంగుళాల ర్యాక్‌లోనైనా పడుతుంది. కీస్టోన్లు మాత్రం అన్నీ ఒకేలా పట్టవు. పేరుకు ఒకటే సైజు అయినా, ఒక కంపెనీ జాక్ ఇంకో కంపెనీ ప్యానెల్‌లో వదులుగా ఆడుతుంది, లేదా అసలు దిగదు. కొనేటప్పుడు ముందు ఒకటి పెట్టి చూసి, గట్టిగా కూర్చుంటేనే మిగతావి కొనండి. ప్లగ్గు తీసేటప్పుడు జాక్ కూడా వెంట ఊడి వస్తే ఆ ప్యానెల్ పనికిరాదు.

కేబుల్ పొడవు లెక్క చూద్దాం. కేసు లోతు 30 సెంటీమీటర్లు అనుకోండి. కప్లర్ వెనక ప్లగ్గు, అక్కడి వంపు, మూతమీద 30 సెంటీమీటర్ల ప్రయాణం, వెనక కిందికి తిరిగి పోర్టులోకి దూరే వంపు, ఇవన్నీ కలిపితే 50 సెంటీమీటర్ల కార్డు సరిపోతుంది. పోర్టులు ఒక మూలన, కప్లర్లు ఇంకో మూలన ఉంటే ఆ అడ్డం దూరం కూడా కలపండి. పొడవు ఎక్కువై చుట్టలు చుట్టి పెట్టడం కంటే సరైన కొలత కొనడం మేలు.

ఈ ఏర్పాటులో ఒక సుఖం ఉంది. ర్యామ్ మార్చడానికో దుమ్ము దులపడానికో ఫైర్‌వాల్‌ను ముందుకు లాగారనుకోండి. దాని వెనక పోర్టులు ప్యానెల్ దగ్గరికి వస్తాయే తప్ప దూరం పోవు. కాబట్టి నెట్‌వర్క్ కేబుళ్లు బిగుసుకోవు, వదులవుతాయి. ఎదురు లాగేది కరెంటు కేబుల్ ఒక్కటే, దానికి మాత్రం కాస్త ఎక్కువ పొడవు వదలండి.

మూతమీద గాలి రంధ్రాలుంటే కేబుళ్లను వాటి మీదుగా పోనివ్వకండి, రెండు పక్కలకు చేర్చి వెల్క్రోతో కట్టండి. జిప్ టై వాడితే బిగించి లాగొద్దు. కేబుల్ పైతొడుగు మీద నొక్కు పడిందంటే లోపలి జతల అల్లిక కూడా నలిగినట్టే. వంపు విషయంలో, మామూలు కవచం లేని కేబుల్‌కు వంపు వ్యాసార్థం కనీసం కేబుల్ మందానికి నాలుగు రెట్లు ఉండాలి. 6 మిల్లీమీటర్ల కేబుల్‌కు అది 24 మిల్లీమీటర్లు. ర్యాక్ వెనకనుంచి గోడ వరకు 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే, 28 గేజ్ తీగతో చేసిన సన్న ప్యాచ్ కార్డులు తీసుకోండి. వాటి మందం సుమారు 4 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి తేలిగ్గా తిరుగుతాయి. అర మీటరు దూరానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు.

కప్లరా, పంచ్ చేసే జాక్కా?

కప్లర్ అంటే రెండు వైపులా ఆర్‌జే45 రంధ్రమున్న కీస్టోన్. పనిముట్లేవీ అక్కర్లేదు, ముందొకటి వెనకొకటి ప్లగ్గు గుచ్చితే చాలు. కానీ ఒక కప్లర్ అంటే రెండు ప్లగ్గు జాయింట్లు. లోపల రెండు వైపుల స్ప్రింగు తీగలూ, మధ్యలో వాటిని కలిపే చిన్న బోర్డో తీగలో ఉంటాయి. చవక కప్లర్లలో తేడా వచ్చేది అక్కడే. క్యాట్ 6 అని తరగతి పైన అచ్చు వేసినంత మాత్రాన నమ్మకుండా, పేరున్న తయారీదారుది తీసుకోండి. ఒకటి ఎక్కువ కొని పక్కన ఉంచుకోండి.

చేతిలో పంచ్ డౌన్ టూల్ (తీగను జాక్‌లోకి నొక్కి బిగించే పనిముట్టు) ఉంటే ఇంకో పద్ధతి ఉంది, నాకు అదే ఇష్టం. ఫ్యాక్టరీలో చేసిన ప్యాచ్ కార్డును మధ్యకు కోయండి. కోసిన చివరను మామూలు కీస్టోన్ జాక్‌లో పంచ్ చేసి, ఫ్యాక్టరీ ప్లగ్గు ఉన్న చివరను ఫైర్‌వాల్‌లో పెట్టండి. ముందున్న జాక్‌లోంచి తీగ నేరుగా ఫైర్‌వాల్‌కే పోతుంది, మధ్యలో ఒక ప్లగ్గు జాయింటు తగ్గిపోతుంది. ఒక కార్డు కోస్తే రెండు పోర్టులకు వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్యాచ్ కార్డుల్లో ఉండేది సన్న పోగులు మెలేసిన తీగ, గోడల్లో వేసేది ఒకే పోగు గట్టి తీగ. చాలా పంచ్ జాక్‌లు గట్టి తీగ కోసమే చేసినవి. పోగుల తీగను కూడా పట్టుకుంటుందని, ఏ గేజ్ వరకు పట్టుకుంటుందో జాక్ వివరాల్లో రాసి ఉంటేనే ఇలా చేయండి. లేకపోతే కప్లరే నయం.

పంచ్ చేసేటప్పుడు జాక్ పక్కనున్న రంగుల పటంలో టీ568బీ వరుస చూసి వేయండి. కోసిన కార్డు ప్లగ్గు చివర ఏ వరుసలో ఉందో కూడా చూడాలి. ప్లగ్గును చిలక (నొక్కితే ఊడే క్లిప్పు) అవతలివైపు, బంగారు పిన్నులు మీవైపు, కేబుల్ కిందికి ఉండేలా పట్టుకుని ఎడమనుంచి చదివితే, టీ568బీ అయితే తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ అని కనిపిస్తాయి. ఆకుపచ్చ జతతో మొదలైతే అది టీ568ఏ వరుస, జాక్‌లో కూడా టీ568ఏ వరుసే వేయండి. జతల అల్లికను అవసరానికి మించి విప్పకండి, ఒక సెంటీమీటరు దాటకుండా చూసుకోండి.

ఇక కేబుల్ తరగతి. గిగాబిట్‌కు క్యాట్ 5ఈ చాలు. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం ప్రకారం 2.5 గిగాబిట్ కూడా క్యాట్ 5ఈ మీద 100 మీటర్లు నడుస్తుంది. 10 గిగాబిట్ రాగి పోర్టులుంటే కార్డులు, కప్లర్లు అన్నీ క్యాట్ 6ఏ తీసుకోండి. ఇంట్లో మిగతాదంతా కవచం లేని కేబుల్ అయితే ఇక్కడ ఒక్కచోట కవచమున్న కేబుల్ తెచ్చి పెట్టడంలో అర్థం లేదు. ఒకవేళ కవచమున్నదే వాడితే, ప్యానెల్ లోహానికి కీస్టోన్ లోహం ఆనాలి, ర్యాక్‌కు ఎర్త్ ఉండాలి. ఎర్త్ లేని కవచం తన పని పూర్తిగా చేయదు.

తీగ వేసే ముందే ఏ పోర్టు ఏదో కాగితం మీద రాయండి

పని మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చాలామంది దీన్ని చివరికి వదిలేసి, నెల తిరిగేసరికి ఏ రంధ్రం ఏదో మర్చిపోతారు. ముందున్న రంధ్రాన్ని చూడగానే సాఫ్ట్‌వేర్‌లో దాని పేరేంటో తెలియాలి.

మదర్‌బోర్డు మీద అచ్చేసిన అంకె ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే పేరు ఇంకొకటి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ రెండూ ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తాయి, అందులో పేరు డ్రైవర్‌ను బట్టి వస్తుంది. ఇంటెల్ ఐ210, ఐ350 పోర్టులు ఐజీబీ0, ఐజీబీ1 అని కనిపిస్తాయి. ఐ225, ఐ226 అయితే ఐజీసీ0, ఐజీసీ1. ఎక్స్520, ఎక్స్550 లాంటి 10 గిగాబిట్ కార్డులు ఐఎక్స్0, ఐఎక్స్1. బోర్డు మీద ల్యాన్1 అని ఉన్నది ఐజీబీ0యే కావాలని లేదు, రెండు పోర్టులూ తారుమారై కనిపించే బోర్డులున్నాయి.

కనుక్కునే పద్ధతి చాలా తేలిక. ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్‌ను ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ఫైర్‌వాల్‌కు మానిటర్, కీబోర్డు తగిలించి, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ తీసేయండి. ఆన్‌లో ఉన్న స్విచ్‌నుంచి ఒకే ఒక్క కేబుల్ తీసుకుని మొదటి పోర్టులో పెట్టి, ఏ పేరు కింద లింక్ వచ్చిందో ఇఫ్‌కాన్ఫిగ్ (ifconfig) ఆదేశంతో చూడండి. తర్వాత రెండో పోర్టు, మూడో పోర్టు. ఇంటర్‌ఫేసులు కేటాయించే కన్సోల్ మెనూలో కేబుల్ గుచ్చగానే ఆ పోర్టును దానంతట అదే పట్టుకునే సదుపాయం కూడా ఉంది, కానీ అది ఉన్న కేటాయింపులను మార్చేస్తుంది, కాబట్టి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వాడండి. లైనక్స్ ఫైర్‌వాల్ అయితే ఇథ్‌టూల్ (ethtool) ప్రోగ్రామ్‌లో ఒక పోర్టు ఎల్‌ఈడీని మినుకు మినుకుమనిపించే ఆదేశం ఉంది, ఎదురుగా నిలబడి చూస్తే చాలు.

ప్రతి పోర్టుకూ బోర్డు మీద అంకె, సాఫ్ట్‌వేర్ పేరు, మ్యాక్ అడ్రస్ (పోర్టుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య), దాని పని, ఈ నాలుగూ ఒక వరుసలో రాసుకోండి. మ్యాక్ ఎందుకంటే, రేపు కొత్త నెట్‌వర్క్ కార్డు పెడితే పేర్లలో అంకెలు జరగవచ్చు. మ్యాక్ జరగదు.

ముందు ప్యానెల్ వరుస నిర్ణయించేటప్పుడు ఒక తికమక వస్తుంది. వెనకనుంచి చూస్తే ఎడమ చివరన ఉన్న పోర్టు, ముందునుంచి చూస్తే కుడి చివరన ఉంటుంది. కేబుళ్లను నేరుగా ముందుకు తెస్తే వరుస తలకిందులవుతుంది. కేబుళ్లు ఒకదాన్నొకటి దాటినా ఫర్వాలేదు, ముందువైపు మాత్రం ఎడమనుంచి కుడికి సాఫ్ట్‌వేర్ వరుసలోనే ఉండాలి. వెనక ఎలా ఉందో ఎవరూ చూడరు, ముందు మాత్రం రోజూ చూస్తారు.

వ్యాన్ పోర్టును ఎడమ చివర పెట్టి, దాని పక్కన ఒక ఖాళీ కీస్టోన్ మూత వదిలి, ఆ తర్వాత ల్యాన్ పోర్టులు మొదలుపెట్టండి. ఆ ఒక్క ఖాళీ వల్ల తొందరలో తప్పు రంధ్రంలో గుచ్చే ప్రమాదం తగ్గుతుంది. వ్యాన్‌కు ఎరుపు జాక్ పెట్టుకుంటే ఇంకా మంచిది. లేబుళ్లు ప్యానెల్ మీదే కాదు, కార్డు రెండు చివర్లా అతికించండి, ప్లగ్గుకు రెండు అంగుళాల దూరంలో, చుట్టూ తిప్పి.

రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టుంటే ఇది తప్పక చదవండి

సర్వర్ బోర్డుల్లో బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ వేరుగా ఉంటుంది. దాని ద్వారా మెషీన్ ఆఫ్‌లో ఉన్నా దూరంనుంచి ఆన్ చేయవచ్చు, స్క్రీన్ చూడవచ్చు. దానికి ప్రత్యేకంగా ఒక నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. సూపర్‌మైక్రో బోర్డుల్లో ఇది మామూలుగా ఫెయిలోవర్ పద్ధతిలో వస్తుంది. అంటే బూట్ అయ్యే వేళకు ఆ ప్రత్యేక పోర్టుకు లింక్ లేకపోతే, బీఎంసీ తనంతట తానే ల్యాన్1 పోర్టును పంచుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. మీరు ల్యాన్1ను వ్యాన్‌గా వాడుతున్నారు. పోర్టులు ముందుకు తెచ్చే హడావిడిలో బీఎంసీ కేబుల్ తీసి పక్కన పెట్టి మెషీన్ ఆన్ చేశారు. మీ ఫైర్‌వాల్ తాళాలన్నీ ఉన్న ఆ చిన్న కంప్యూటర్ ఫైర్‌వాల్ బయటివైపు, నేరుగా ఇంటర్నెట్‌కు తగిలి కూర్చుంటుంది. ఫైర్‌వాల్ నియమాలేవీ దానికి వర్తించవు, ఎందుకంటే ఆ ప్యాకెట్లు ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ దాకా రానే రావు.

కాబట్టి ఏ కేబుల్ తీయకముందే బీఎంసీ సెట్టింగుల్లోకి వెళ్లి, ల్యాన్ పద్ధతిని డెడికేటెడ్ అని మార్చి సేవ్ చేయండి. పాస్‌వర్డ్ ఇంకా ఫ్యాక్టరీదే ఉంటే అదీ మార్చండి. వ్యాన్‌కు ల్యాన్1 కాకుండా వేరే పోర్టు కేటాయించుకుంటే మరో మెట్టు భద్రత. బీఎంసీ పోర్టును ముందుకు తేవాలా వద్దా అంటే, నేనైతే తేవద్దనే అంటాను. అది స్విచ్‌లోని మేనేజ్‌మెంట్ వీల్యాన్‌కు (స్విచ్‌లోనే విడిగా చేసుకున్న నెట్‌వర్క్‌కు) ఒకసారి తగిలిస్తే మళ్లీ తీసే పని ఉండదు. రోజూ చెయ్యి తగలని కేబుల్ వెనకే ఉంటే నష్టమేమీ లేదు.

కన్సోల్ పోర్టు కూడా కొన్ని పరికరాల్లో అచ్చం ఆర్‌జే45 లాగే ఉంటుంది. అందులో నడిచేది ఈథర్‌నెట్ కాదు, సీరియల్ సిగ్నల్, దాని వోల్టేజీలే వేరు. ముందుకు తెస్తే వేరే రంగు జాక్ పెట్టి, ప్యానెల్ కుడి చివరకు నెట్టండి. నిజంగా ముందుకు తేవలసింది హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ. రెండింటికీ కీస్టోన్ కప్లర్లు దొరుకుతాయి. నెట్‌వర్కే పడిపోయిన రోజున మానిటర్, కీబోర్డు ముందునుంచే తగిలించుకోగలిగితే ఎంత తేలికో అప్పుడు తెలుస్తుంది.

ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులను ఎలా?

ఇవి విడి మాడ్యూల్ గుచ్చుకునే 10 గిగాబిట్ పోర్టులు. రాగి డ్యాక్ కేబుల్ (రెండు చివర్లా మాడ్యూల్ కలిసే వచ్చేది) అయితే కప్లర్ లాంటిది వెతకకండి, మధ్యలో అతుకు లేకుండా, ఫైర్‌వాల్ వెనకనుంచి బ్రష్ ప్యానెల్ గుండా ముందుకు లాగి నేరుగా స్విచ్‌లో పెట్టండి. డ్యాక్ గట్టిగా ఉంటుంది, వంపు మామూలు కేబుల్ కంటే పెద్దదిగా ఉండాలి, అందుకే వెనక ఖాళీ ముందే కొలుచుకోండి. ఫైబర్ అయితే ఎల్‌సీ డూప్లెక్స్ కీస్టోన్ కప్లర్లు ఉన్నాయి, అవి రాగి కప్లర్ల పక్కనే కూర్చుంటాయి. సింగిల్ మోడ్‌కు సింగిల్ మోడ్‌ది, మల్టీమోడ్‌కు మల్టీమోడ్‌ది తీసుకుని, వాడని రంధ్రానికి దుమ్ము మూత పెట్టి ఉంచండి.

కేసునే కోసి పోర్టులు ముందుకు తేవాలంటే

ర్యాక్‌లో ఒక్క యూనిట్ కూడా ఖాళీ లేనప్పుడే ఈ దారి. కేసు ముందు పలకలో రంధ్రాలు చేసి, కీస్టోన్లు అక్కడే బిగించి, కేబుళ్లను కేసు లోపలనుంచి నడిపించడం. పూర్తయ్యాక చూడముచ్చటగా ఉంటుంది కానీ పని చాలా ఉంది, వెనక్కి తీసుకోలేని పని.

ముందు, కేబుల్ వెనకనుంచి లోపలికి ఎలా వస్తుందో తేల్చుకోండి. పోర్టుల ముఖం బయటికే ఉంది కాబట్టి కేబుల్ బయట గుచ్చుకుని మళ్లీ లోపలికి రావాలి. దానికి మామూలు దారి వాడని పీసీఐ స్లాట్ రంధ్రం. ఆర్‌జే45 ప్లగ్గు వెడల్పు దాదాపు 11.7 మిల్లీమీటర్లు. పైన రబ్బరు బూటు లేని ప్లగ్గయితేనే దూరే వీలుంటుంది, మీ దగ్గరున్నదాన్ని పెట్టి చూశాకే ముందుకు వెళ్లండి. నెట్‌వర్క్ కార్డు రైజర్ (కార్డును అడ్డంగా పడుకోబెట్టే అడాప్టర్) ఆ ఒక్క స్లాట్‌ను వాడేస్తుంటే మీకు ఈ దారి లేదు. స్లాట్ రేకు అంచు కత్తిలా ఉంటుంది, రబ్బరు గ్రోమెట్ గానీ అంచు పట్టీ గానీ వేయకుండా కేబుల్ పోనివ్వకండి.

తర్వాత కోత. మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఫ్యాన్లు అన్నీ బయటికి తీసేయండి. ఇందులో రాజీ లేదు. లోహపు రజను ఒక్క తునక బోర్డు కింద చిక్కినా షార్ట్ అవుతుంది. ముందు పలక విడిగా ఊడివచ్చేదైతే దాన్ని మాత్రమే పట్టుకుపోయి కోసుకోవచ్చు, అదే అదృష్టం. పలక మీద మాస్కింగ్ టేపు అతికించి, దాని మీద గీతలు గీసి, మూలల్లో చిన్న బిట్టుతో రంధ్రాలు వేసి, నిబ్లర్‌తో (రేకును కొరికే కత్తెరతో) గీత లోపలికే కోసి, మిగిలినది ఆకురాయితో రుద్దుకుంటూ కొలతకు తెండి. కీస్టోన్ కొక్కెం సన్న రేకును పట్టుకోవడానికి చేసింది కాదు, వదులుగా ఊగుతుంది. అందుకే ఒక్కో రంధ్రం విడివిడిగా కోయకుండా, ఒకే పొడవు దీర్ఘచతురస్రం కోసి, అందులో రెడీమేడ్ కీస్టోన్ ఫ్రేమును స్క్రూలతో బిగించడం మంచిది. త్రీడీ ప్రింటర్ ఉంటే ఫ్రేము మీరే అచ్చేసుకోవచ్చు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఫైర్‌వాల్ ముఖానికి పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి.

ఒక ఫ్యాను గాలి లాక్కునే చోట ఫ్రేము పెట్టొద్దు. లోపల కేబుళ్లను ఒక పక్కగా, ఫ్యాన్ రెక్కలకూ ప్రాసెసర్ హీట్ సింక్‌కూ దూరంగా, అంటించే క్లిప్పులతో కట్టండి. 1యూ కేసులో గాలి వెళ్లే దారి ఎంతో సన్నం. ఎనిమిది మందపు కేబుళ్లు ఆ దారిలో పడితే గాలి ఆగిపోతుంది. ఇక్కడ సన్న కార్డులే వాడాలి.

తగిలించాక పరీక్షించడం

ఇంట్లో ఎవరికీ నెట్‌తో పని లేని సమయం చూసుకోండి. ఒక్కసారే అన్నీ మార్చకుండా, ఒక్కో పోర్టు ముందుకు తెచ్చి, పరీక్షించి, తర్వాతిదానికి వెళ్లండి. వ్యాన్ చివర్న.

మొదటి పరీక్ష లింక్ వేగం. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు 1, 2, 3, 6 పిన్నుల మీదున్న రెండు జతలు చాలు. అందుకే కప్లర్‌లో ఒక పిన్ను సరిగ్గా ఆనకపోతే లింక్ పూర్తిగా పోకుండా 100కు పడిపోవచ్చు. మీ ఇంటర్నెట్ ప్లాన్ 100 మెగాబిట్లే అయితే ఈ లోపం మీకు కనిపించనే కనిపించదు, ఇంటి లోపల ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మాత్రం పీకుతుంది. కాబట్టి ల్యాన్, వ్యాన్ రెండు పేజీల్లోనూ 1000 బేస్ టీ అని కనిపిస్తోందా, ఫుల్ డ్యూప్లెక్స్ ఉందా చూడండి.

రెండోది నిజమైన లోడు. ఫైర్‌వాల్‌కు ఒకవైపు ఒక కంప్యూటర్, రెండోవైపు ఇంకో కంప్యూటర్ పెట్టి ఐపెర్ఫ్3 (iperf3) అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ పది నిమిషాలు నడపండి. గిగాబిట్ లింక్ మీద టీసీపీతో 940 మెగాబిట్ల చుట్టుపక్కల రావాలి. 2.5 గిగాబిట్ అయితే 2.35 గిగాబిట్ల దగ్గర. వేగం ఎగుడుదిగుడుగా ఉంటే ఇంటర్‌ఫేసు గణాంకాల్లో ఎర్రర్ల లెక్క చూడండి. పరీక్షకు ముందూ తర్వాతా ఆ అంకె ఒకటే ఉండాలి. ఒక్కటైనా పెరుగుతుంటే మధ్యలో జాయింటు బాగాలేదు. కప్లర్ తీసి, అదే కార్డును నేరుగా స్విచ్‌కు పెట్టి మళ్లీ నడపండి, లెక్క పెరగకపోతే కప్లర్‌ను పడేయండి. సర్దుబాటు చేసి వాడుకుందామనుకోవద్దు.

మూడో పరీక్ష చేత్తో. వరుసగా పింగ్ నడుస్తుండగా కప్లర్ దగ్గర కేబుల్‌ను మెల్లగా పైకీ కిందికీ, పక్కలకూ కదపండి. ఒక్క పింగ్ కూడా పోకూడదు. ముందున్న జాక్‌లో ప్లగ్గు తీసి పెట్టినప్పుడు క్లిక్‌మని వినబడాలి, వెనక ఉన్న ప్లగ్గు కదలకూడదు.

కప్లర్లు పెట్టిన ఏర్పాటులో ఒక లోటు ఉంటుంది. ఫైర్‌వాల్ ఎల్‌ఈడీలు వెనకే వెలుగుతాయి, ముందున్న కప్లర్లు చీకటిగా ఉంటాయి. అలవాటు పడేదాకా స్విచ్ వైపు ఎల్‌ఈడీని చూసుకోండి, వ్యాన్‌కు మోడెమ్ లేదా ఓఎన్‌టీ (ఫైబర్ కనెక్షన్ డబ్బా) మీద లైటు చూసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించాక ఫైర్‌వాల్‌ను మెనూలోంచి షట్‌డౌన్ చేసి, కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఇవ్వండి. బటన్ ముట్టకుండానే ఆన్ కావాలి. బీఎంసీ ఉంటే అది తన పోర్టులోనే కనిపించాలి, దాని మ్యాక్ వ్యాన్ వైపు ఎక్కడా కనిపించకూడదు. తర్వాత మీరు రాసుకున్న కాగితం పట్టుకుని ముందు ప్యానెల్‌లో ఎడమనుంచి ఒక్కో కేబుల్ ఊడదీస్తూ, స్క్రీన్ మీద ఆ పేరు కిందే లింక్ పోతోందో లేదో సరిచూడండి. అన్నీ కలిశాక ఆ కాగితం ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుని, కాగితాన్ని ర్యాక్ పక్క రేకు మీద అతికించండి.